మానిటర్ కొనే ముందు బిడ్డ పక్క సరిచూడండి

(కోనసీమలో గర్భిణులు, బాలింతల కుటుంబాల కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారమండి. ముందు వరసలో కడుపుతో ఉన్న అమ్మాయిలు, వాళ్ళ వెనక అమ్మమ్మలు, నాన్నమ్మలు కూర్చున్నారు. నాన్నలు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. లోపలికి రండి బాబూ, రాత్రిపూట అలారం మోగితే లేవాల్సింది మీరు కూడా.

ఈమధ్య ప్రతి కాన్పు తర్వాతా ఒక ప్రశ్న వస్తోంది. "అమెరికా నుంచి మా ఆడపడుచు ఊపిరి చూసే సాక్సు పంపుతానంటోంది, తెప్పించమంటారా?" "పరుపు కింద పెట్టే ప్యాడ్ ఆన్‌లైన్లో ఉందండి, కొనమంటారా?" అడగాల్సిన ప్రశ్నే. అర్ధరాత్రి లేచి బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూడని తల్లి ఉండదు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అయితే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: బిడ్డ ఎక్కడ పడుకుంటుందో, ఎలా పడుకుంటుందో ముందు తేల్చుకోండి. మన ఇళ్ళల్లో పసిపిల్లల్ని పడుకోబెట్టే చోట్ల చాలావాటిలో ఈ మానిటర్లు పనిచెయ్యవు. మోగాల్సినప్పుడు మోగకుండా ఊరుకుంటాయి.

ఎందుకో చెబుతాను. పరుపు కింద పెట్టే ప్యాడ్ లాంటి కదలికల మానిటర్‌కి ఊపిరి తెలియదండి, కదలికే తెలుసు. బిడ్డ పొట్ట, ఛాతీ ఎగసి దిగుతుంటే ఆ చిన్న ఒత్తిడి పరుపులోంచి ప్యాడ్‌కి తగులుతుంది. 20 సెకన్లపాటు ఏమీ తగలకపోతే మోగుతుంది. నిమిషానికి 10 కదలికలకన్నా తగ్గినా మోగే మోడళ్ళున్నాయి. నెలల పిల్లలు ఒకే తీరున ఊపిరి తియ్యరు. గబగబా కాసేపు తీసి, 5 నుంచి 10 సెకన్లు ఆపి, మళ్ళీ మొదలుపెడతారు. అది మామూలే. 20 సెకన్లు దాటి ఆగితే మాత్రం మామూలు కాదు. అంతకన్నా తక్కువసేపే ఆగినా, ఒళ్ళు నీలంగానో పాలిపోయినట్టో అయితే అదీ మామూలు కాదు.

ఇప్పుడు బిడ్డ మూతి మెత్తటి దిండులో కూరుకుపోయిందనుకోండి. గాలి అందక బిడ్డ గింజుకుంటుంది, ఛాతీ ఇంకా గట్టిగా ఎగరేస్తుంది. ప్యాడ్‌కి అదంతా కదలికే, అందుకని మోగదు. గింజుకోవడం ఆగాక 20 సెకన్లు లెక్కపెట్టి అప్పుడు మోగుతుంది. అప్పటికే ఒంట్లో ఆక్సిజన్ పడిపోయి ఉంటుంది. మనం ఎక్కువగా భయపడేది ఊపిరాడకపోవడానికి కదా, సరిగ్గా ఆ ప్రమాదంలోనే ఈ యంత్రం ఆలస్యం చేస్తుంది.

ఏ కారణమూ దొరకకుండా నిద్రలోనే పసిబిడ్డ పోవడాన్ని సిడ్స్ అంటారు. ఏడాది లోపు పిల్లల్లో వస్తుంది, 1 నుంచి 4 నెలల మధ్య ఎక్కువ. 10 మందిలో 9 మంది దాకా 6 నెలల లోపు వాళ్ళే. మధ్య మధ్య ఊపిరి ఆగడమే దీనికి ముందస్తు గుర్తని 1970ల్లో అనుకుని, పాశ్చాత్య దేశాల్లో ఇళ్ళకి మానిటర్లు ఇచ్చారు. అమెరికాలో వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఇంట్లో మానిటర్‌తో గమనించిన చైమ్ అధ్యయనం 2001లో వెలువడింది. ఏ జబ్బూ లేని పిల్లల్లో కూడా ఊపిరి ఆగడాలు, గుండె వేగం తగ్గడాలు అందులో కనబడ్డాయి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో అవి ఎక్కువే గానీ, సిడ్స్ ఎక్కువగా వచ్చే వయసుకి ముందే తగ్గిపోయాయి. అంటే రెండింటికీ ముడి కుదరలేదు. సిడ్స్ తగ్గుతుందని ఇంట్లో మానిటర్ వాడొద్దని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2022 మార్గదర్శకాల్లో కూడా చెప్పింది.

మరి ఆ దేశంలో మరణాలు తగ్గించిందేమిటి? బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టడం. 1992లో బోర్లా వద్దని సిఫార్సు చేశారు, 1994లో ఊరూరా ప్రచారం పెట్టారు, ఆ తర్వాత పదేళ్ళలో సిడ్స్ మరణాలు దాదాపు సగానికి దిగాయి. పైసా ఖర్చులేని పని.

ఇక్కడ అమ్మమ్మలకి ఒక అనుమానం రావాలి. వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతులోకి పోవా అని. పోవండి. వెల్లకిలా పడుకున్నప్పుడు గాలిగొట్టం పైన ఉంటుంది, అన్నవాహిక కింద ఉంటుంది. కక్కిన పాలు గాలిగొట్టంలోకి వెళ్ళాలంటే పైకి ఎక్కాలి. బోర్లా వేస్తే గాలిగొట్టం కిందికొస్తుంది, అప్పుడే పాలు అటు జారడం తేలిక. పక్కకి ఒత్తిగిలబెట్టినా బిడ్డ ఇట్టే బోర్లా దొర్లిపోతుంది. పాలు తాగాక 10, 15 నిమిషాలు భుజాన వేసుకుని త్రేన్పు వచ్చాక వెల్లకిలా పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, కాసేపు బోర్లా వెయ్యండి. మెడ బలపడుతుంది, తల వెనక చదును కాకుండా ఉంటుంది.

తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు కదండీ. అది తీసెయ్యండి. మెడ ముందుకి వంగుతుంది, దిండు జరిగి మూతికి అడ్డం పడొచ్చు. అటూ ఇటూ పెట్టే చిన్న చిన్న గుండ్రటి దిండ్లూ అంతే. పాత చీరలు కలిపి కుట్టిన బొంత ఎంత ప్రేమగా కుట్టినా, నాలుగు మడతలు వేస్తే మెత్తనవుతుంది. గట్టి పరుపు మీద ఒక్క పొర దుప్పటి బిగించి వేస్తే చాలు. పరుపు గట్టిదో కాదో తెలియాలంటే అరచేత్తో గట్టిగా నొక్కి వదలండి. గుంట పడి నెమ్మదిగా లేస్తే అది బిడ్డకి పనికిరాదు. మన కోనసీమ కొబ్బరిపీచు పరుపు ఈ విషయంలో బాగుంటుంది, మందం కూడా ఎక్కువ అక్కర్లేదు. తొట్టి మంచం కొంటే పరుపుకీ పక్క చట్రానికీ మధ్య రెండు వేళ్ళకన్నా ఎక్కువ దూరకూడదు. కమ్మీల మధ్య 6 సెంటీమీటర్లు మించకూడదు. దుకాణంలో అమ్మే గొడుగు దోమతెర పక్కలో ఉబ్బెత్తు పరుపు, బుజ్జి దిండు ఇస్తున్నారు. దిండు బయటపడేసి, ఆ పరుపు తీసేసి గట్టిది వెయ్యండి. తెర బిడ్డ మొహానికి తగలకుండా చూసుకోండి.

చీర ఉయ్యాల సంగతి. బారసాల నాడు ఉయ్యాలలో వెయ్యండి, పాటలు పాడండి, కాదనను. నిద్ర మాత్రం అందులో వద్దు. గుడ్డలో బిడ్డ వంగిపోయి గడ్డం ఛాతీకి ఆనుతుంది. నెలల పిల్లలకి గొంతు దారి సన్నం, మెడ వంగితే మూసుకుపోతుంది. ఉయ్యాలలో నిద్రపోయిన బిడ్డని తీసి చదునైన పక్క మీదికి మార్చండి. నులక మంచమూ మధ్యలో కుంగుతుంది కాబట్టి అంతే.

బిడ్డ అమ్మ గదిలోనే, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో, వేరే పక్క మీద ఉండాలి. కనీసం 6 నెలలు. పాలిస్తూ నిద్రపోయే తల్లులు ఉంటారు, అది నాకు తెలుసు. అలా జరిగే అవకాశం ఉంటే సోఫాలో, కుర్చీలో కూర్చుని పాలివ్వొద్దు, అక్కడ నిద్రపట్టడం అన్నిటికన్నా ప్రమాదం. మంచం మీదైతే దిండ్లు, దుప్పట్లు దూరంగా జరిపి పాలివ్వండి, మెలకువ రాగానే బిడ్డని దాని పక్కలోకి మార్చండి. 4 నెలల లోపు బిడ్డ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, రెండున్నర కిలోలకన్నా తక్కువతో పుట్టిన బిడ్డ, ఇంట్లో పొగతాగేవాళ్ళున్న బిడ్డ: ఈ నలుగురూ పెద్దల మంచం మీద అసలు పడుకోకూడదు. మందు తాగినవాళ్ళ పక్కన, మత్తు మాత్రలు వేసుకున్నవాళ్ళ పక్కన ఏ బిడ్డా పడుకోకూడదు.

తాతగారి చుట్ట గురించి కూడా చెప్పాలి, కోపం తెచ్చుకోకండి. వాకిట్లో కాల్చి వచ్చినా చొక్కాకి, చేతులకి పొగ అంటుకునే ఉంటుంది. సిడ్స్ ముప్పుని బాగా పెంచేవాటిలో పొగాకు ఒకటి. చొక్కా మార్చుకుని, చేతులు, మొహం కడుక్కుని ఎత్తుకోండి. స్నానమయ్యాక సాంబ్రాణి పొగ, రాత్రి దోమల చుట్ట పొగ బిడ్డ ఊపిరితిత్తులకి మంచివి కావు. దోమతెర చాలు. మెడలో తాడు, తాయెత్తు గొలుసు నిద్రలో తీసెయ్యాలి. ఇక మే నెల ఉక్కపోతలో కూడా టోపీ పెట్టి, గుడ్డలో బిగించి చుట్టేస్తున్నారు. బిడ్డ మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట పడితే ఒక పొర తీసెయ్యండి. ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ అక్కర్లేదు.

పక్క సంగతి తేలింది కాబట్టి ఇప్పుడు మానిటర్ గురించి మాట్లాడుకోవచ్చు.

పరుపు కింద పెట్టే ప్యాడ్ కావాలంటే బిడ్డ ఒక్కత్తే పడుకునే తొట్టి మంచం ఉండాలి. అమ్మ పక్కనే పడుకుంటే ప్యాడ్ అమ్మ ఊపిరిని లెక్కపెడుతుంది. ఉయ్యాలలో ఊపును లెక్కపెడుతుంది. బిడ్డ ఎలా ఉన్నా ఆ రెండు చోట్లా మోగదు. తొట్టికి అడుగున చెక్క పట్టీలే ఉంటే ప్యాడ్ కింద దానికన్నా పెద్ద ప్లైవుడ్ ముక్క, 12 ఎం.ఎం.ది, వెయ్యాలి. లేకపోతే ప్యాడ్ వంగి సరిగా పట్టదు. నొక్కితే నెమ్మదిగా లేచే మెమొరీ ఫోమ్ పరుపులో కదలిక కిందికి దిగదు.

బిగించాక తప్పకుండా చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. రాత్రి మీరు పడుకునే వేళకి, ఫ్యాన్ మీరు పెట్టుకునే స్పీడులోనే తిరుగుతుండగా, కిటికీలు అలాగే ఉంచి, మానిటర్ ఆన్ చేసి బిడ్డని పక్కలోంచి ఎత్తుకోండి. ఖాళీ పక్క మీద 20 సెకన్లకి కాస్త అటూ ఇటుగా అలారం మోగాలి. మోగకపోతే ఇంకేదో కదులుతున్నట్టు. ఫ్యాన్ గాలికి దోమతెర ఊగి పరుపు అంచుకి తగలొచ్చు. బోరు మోటారు ఆ గోడకే ఉండొచ్చు. రొయ్యల చెరువు పక్క ఇళ్ళల్లో జనరేటర్ అదురు నేలలోంచి వస్తుంది. తొట్టి గోడకి ఆనకుండా అరడుగు జరపండి, ఫ్యాన్ సూటిగా పైన లేకుండా చూడండి, మళ్ళీ పరీక్షించండి. ఖాళీ పక్క మీద మోగని మానిటర్‌ని వాపసు ఇచ్చెయ్యండి. ఒకసారి చేసి వదిలెయ్యకుండా వారానికోసారి, తొట్టి చోటు మార్చినప్పుడల్లా చెయ్యండి.

తీగ విషయం ఇంకా ముఖ్యం. 2013లో ఏంజెల్‌కేర్ కంపెనీ అమెరికాలో దాదాపు 6 లక్షల మానిటర్లని వెనక్కి పిలిచింది. ప్యాడ్ తీగ తొట్టిలోకి లాక్కుని మెడకి చుట్టుకుని ఇద్దరు పిల్లలు చనిపోయారు. తీగ తొట్టి అడుగునించి బయటికి పోవాలి, బిడ్డ చెయ్యి చాచినా అందని దూరంలో, కనీసం 1 మీటరు అవతల, గోడకి బిగించి ఉండాలి. కెమెరా తీగకీ ఇదే లెక్క.

డైపర్ అంచుకి తగిలించే క్లిప్పు రకం ఉంది. స్నూజా లాంటివి 15 సెకన్లు కదలిక లేకపోతే ముందు వణికి బిడ్డని కదుపుతాయి, 20 సెకన్లకి మోగుతాయి. తీగ లేదు, కరెంటు అక్కర్లేదు, పుట్టింటికీ అత్తింటికీ మోసుకెళ్ళొచ్చు. కానీ దాని మొన బొడ్డు దగ్గర చర్మానికి ఆనుకుని ఉండాలి. మన లంగోటీ గుడ్డ మీద నిలవదు, వదులై జారుతుంది, రాత్రంతా తప్పుడు అలారాలు. బొడ్డు ఊడనంతవరకూ వద్దు. బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం కదా, ఆ పండగ వచ్చేసరికి క్లిప్పు ఊడిపోవడం మొదలవుతుంది. గుడ్డలో బిగించి చుట్టడం కూడా బిడ్డ దొర్లే ప్రయత్నం చెయ్యగానే ఆపెయ్యాలి.

అమెరికా నుంచి వచ్చే సాక్సు కదలికని చూడదు. ఎర్ర కాంతి, పరారుణ కాంతి పంపి నాడి వేగం, రక్తంలో ఆక్సిజన్ అంచనా వేస్తుంది. ఇది మెరుగే. కానీ 2018లో 30 మంది పిల్లల మీద ఇలాంటి రెండు ఇంటి మానిటర్లని ఆసుపత్రి యంత్రంతో పోల్చి చూశారు. మొదటిది, ఔలెట్ కంపెనీ సాక్సు, ఆక్సిజన్ తగ్గడాన్ని పట్టింది గానీ ప్రతిసారీ కాదు. రెండోది, బేబీ వైడా, ఒక్కసారీ పట్టలేదు, పైగా 14 మందిలో గుండె వేగం తక్కువని తప్పుగా చూపింది. ఔలెట్‌కి అమెరికాలో మందులకి, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరిక లేఖ ఇచ్చింది, 2023లో కొత్త మోడల్‌కి అనుమతిచ్చింది. ఆ అనుమతి 1 నుంచి 18 నెలల ఆరోగ్యవంతులైన పిల్లలకే, సిడ్స్‌ని ఆపుతుందని కాదు. నల్లటి చర్మం మీద, ఇలా కాంతితోనే ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సీమీటర్లు కొన్నిసార్లు అసలుకన్నా ఎక్కువ ఆక్సిజన్ చూపుతాయని పెద్ద రోగుల్లో 2020లో బయటపడింది. మనం గుర్తుపెట్టుకోవాల్సిన మాట అది.

కోవిడ్ రోజుల్లో కొన్న వేలి ఆక్సీమీటర్ చాలా ఇళ్ళల్లో ఉంది. దాన్ని బిడ్డ బొటనవేలికి పెట్టకండి. అది పెద్దల వేలి కొలతకి చేసింది, తప్పుడు అంకె చూపిస్తుంది. 80 చూపినా 99 చూపినా నమ్మడానికి లేదు.

విదేశీ సామాను తెప్పిస్తే అడాప్టర్ మీద 100–240 వోల్టులని రాసి ఉందో లేదో చూడండి. 110 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో కాలిపోతుంది. యాప్ మన దేశంలో నడుస్తుందా, రూటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఉందా, కరెంటు పోతే ఆ రూటర్‌కి ఇన్వర్టర్ ఉందా? వానాకాలంలో కరెంటు పోవడం మనకి కొత్త కాదు. వైఫై లేకపోయినా పక్కనున్న డబ్బా దానంతట అది మోగే మోడలే తీసుకోండి. సాక్సు ప్రతి రాత్రీ పాదం మార్చి వెయ్యాలి, చెమటకి చర్మం ఎర్రబడితే రెండు రోజులు మానెయ్యాలి. ఆక్సిజన్ కొలుస్తామని మన దేశంలో అమ్మే దేనికైనా 2017 వైద్య పరికరాల నిబంధనల కింద లైసెన్సు నంబరు ఉండాలి. పెట్టె మీద వెతకండి.

ఈ లెక్కలన్నీ ఆరోగ్యంగా, నెలలు నిండి పుట్టిన బిడ్డకి. నెలలు నిండక ముందే పుట్టి నవజాత శిశు విభాగంలో ఉండి వచ్చిన బిడ్డకి డాక్టరు మానిటర్ రాస్తే అది వేరే పని, ఆ మానిటర్ వేరే. ఆసుపత్రి రకంది వాళ్ళ సలహాతోనే తెచ్చుకోండి, ఆన్‌లైన్ సాక్సుతో సరిపెట్టుకోకండి.

అసలు మన దగ్గర నెల లోపు పిల్లల్ని ఎక్కువగా తీసుకుపోయేవి నెలలు నిండకపోవడం, పుట్టేటప్పుడు ఊపిరాడకపోవడం, ఇన్ఫెక్షన్లు. ఇన్ఫెక్షన్ మొదలైతే కదలికల మానిటర్ హాయిగా పచ్చ దీపం చూపిస్తూనే ఉంటుంది. మీ కళ్ళే చూడాలి. బిడ్డ పాలు తాగడం మానేసినా, నిద్రలో ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెడితే ఊపిరి 60 లేక అంతకన్నా ఎక్కువున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్ళు 37.5 డిగ్రీల సెల్సియస్ దాటినా 35.5 కన్నా చల్లబడినా, అరికాళ్ళు పసుపు పచ్చగా ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. పుట్టింట్లో ఉన్నామనో, ఊరు మారామనో ఆ రాకలు పోగొట్టుకోకండి, అక్కడి ఆశాకి చెప్పండి.

ఆ వెనక అమ్మాయి అడుగుతోంది, "ఇవన్నీ సరిగానే చేస్తానండి, అయినా నాకు నిద్రపట్టదు, అప్పుడు కొనుక్కోనా?" అని. కొనుక్కోమ్మా. పక్క సరిగా ఉండి, ఖాళీ పక్క పరీక్ష నెగ్గిన మానిటర్ నీకు నాలుగు గంటలు నిద్రపట్టిస్తే మంచిదే. దాన్ని చూసుకుని బోర్లా వెయ్యడం, దిండు పెట్టడం మాత్రం వద్దు. కొన్న తర్వాత అంకెలు చూస్తూ తెల్లవార్లూ మేలుకుంటున్నావనుకో, దాన్ని పెట్టెలో పెట్టెయ్. బిడ్డ నిద్రపోతున్నా, పక్కన అమ్మ ఉన్నా, రెండు వారాలు దాటినా నిద్ర రాకపోతే, గుండె దడ తగ్గకపోతే అది బాలింతలకి వచ్చే ఆందోళన, దానికి వైద్యం ఉంది. మీ డాక్టరుకి చెప్పాలి, లేదా 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. అత్తగార్లు దీన్ని గారాలు పోవడం అనుకోకండి, పిల్లకి ఒక రాత్రి కాపలా కాయండి.

చివరిగా, అలారం మోగితే ఏం చెయ్యాలో. ముందు యంత్రం వైపు కాదు, లైటు వేసి బిడ్డ వైపు చూడండి. పెదవుల రంగు, ఛాతీ కదలిక. బాగానే ఉంటే బటన్ నొక్కి ఆపండి. లేకపోతే అరికాలు గట్టిగా తట్టండి, వీపు రుద్దండి. కుదపొద్దు, తలకిందులుగా పట్టుకోవద్దు. అయినా కదలకపోతే, ఊపిరి లేకపోతే, ఫోన్ స్పీకర్‌లో పెట్టి 108కి చేస్తూనే మొదలుపెట్టండి. గట్టి నేల మీద వెల్లకిలా వెయ్యండి, తల వెనక్కి బాగా వంచకుండా ముక్కు పైకప్పు వైపు ఉండేలా నిటారుగా ఉంచండి. రెండు చేతులతో ఛాతీని చుట్టి పట్టుకుని, చనుమొనల గీతకి కాస్త కింద, ఎముక మీద రెండు బొటనవేళ్ళూ పెట్టి నొక్కాలి. లోతు 4 సెంటీమీటర్లు, అంటే ఛాతీ మందంలో మూడోవంతు. నిమిషానికి 100 నుంచి 120 వేగం. 30 సార్లు నొక్కాక బిడ్డ నోరూ ముక్కూ కలిపి మీ నోటితో మూసి, బుగ్గల్లో ఉన్నంత గాలి రెండుసార్లు ఊదండి. ఛాతీ లేస్తే చాలు. మళ్ళీ 30, మళ్ళీ 2. 108 వాళ్ళు వచ్చేదాకా, లేదా బిడ్డ కదిలేదాకా ఆపొద్దు. లంకల్లో ఉండేవాళ్ళు వరద కాలానికి ముందే బాలింతని, బిడ్డని గట్టు మీది బంధువుల ఇంటికి చేర్చుకుంటే మంచిది. పడవ దాటి 108 అందుకోవడానికి పట్టే సమయంలో ఆ బొటనవేళ్ళే దిక్కు.

ఇక్కడ బల్ల మీద రెండు బొమ్మలున్నాయి. నలుగురేసి రండి, నాన్నలు ముందు. ఒక్కొక్కరూ రెండు నిమిషాలు ఆపకుండా నొక్కాలి, నేను పక్కన లెక్కపెడతాను.